సగం రిమోట్

నేను ఒక వీడియో గేమ్ క్యాసెట్టుని. అరచేతిలో ఇమిడే పసుపు ప్లాస్టిక్ పెంకు, లోపల ఒక పచ్చ పలక, దాని అంచున ఇత్తడి రంగు పళ్ళు. పుట్టినప్పుడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: ఒక సైనికుడు, ఒక తుపాకీ, మూడు ప్రాణాలు, దూకడానికి కావలసినన్ని గోతులు. నా మీద అంటించిన కాగితం తొంభై తొమ్మిది ఆటలని చెప్పేది. ఉన్నవి మూడే. అవి కూడా ఒకే కథలో మూడు భాగాలు. మొదటి దాంట్లో అడవి, రెండో దాంట్లో మంచుకొండ, మూడో దాంట్లో ఇనుప కోట. మిగతావన్నీ వాటికే పేరు మార్చి, సైనికుడి చొక్కా రంగు మార్చినవి. చేసినవాళ్ళు సిగ్గుపడలేదు, కొన్నవాళ్ళు అడగలేదు. బేరం సాఫీగా జరిగిపోయింది.

మొదటి భాగం చివర శత్రువు చచ్చిపోతాడు. రెండో భాగం మొదట్లో లేచి కూర్చుంటాడు. మూడో భాగంలోనూ అంతే. చంపిన సరుకునే మళ్ళీ మళ్ళీ అంటగడితే మనుషులు దాన్ని మోసమనరు. ఇంకో పార్టు వచ్చిందని సంబరపడతారు.

మద్రాసు నుంచి ఒక సంచిలో చీరాల చేరాను. అక్కడ బస్టాండు వెనక రంగశాయి కొత్తగా వీడియో గేమ్ షాపు తెరిచాడు. మగ్గం మీద కూర్చోనని ఇంట్లో పోట్లాడి బయటికొచ్చిన కుర్రాడు. షాపంటే నాలుగు టీవీలు, నాలుగు ఆట డబ్బాలు, ఒక బల్ల. డబ్బాకి ఒకటే రిమోట్ కాబట్టి, ఇద్దరు స్నేహితులొస్తే దాన్నే చెరోవైపు పట్టుకునేవారు. ఎడమ పక్క బాణాలున్న సగం ఒకడిది, వాడు నడిపిస్తాడు. కుడి పక్క బొత్తాలున్న సగం ఇంకొకడిది, వాడు దూకిస్తాడు, కాలుస్తాడు. దీన్ని అక్కడ సగం రిమోట్ అనేవారు. షాపు ఖాళీగా ఉన్నప్పుడు రంగశాయి ఎడమ సగం, అతని స్నేహితుడు జిలానీ కుడి సగం పట్టుకునేవారు.

"గొయ్యి అంచుదాకా తెచ్చి ఆపుతావేందిరా శాయీ? పెళ్ళిచూపులా?"

"నువ్వు దూకు ముందు. కబుర్లు తర్వాత."

సైనికుడు గోతిలో పడేవాడు. తప్పు ఎప్పుడూ అవతలి సగానిదే.

ఒక్కోసారి తెర మీద బొమ్మ వచ్చేది కాదు. అప్పుడు నన్ను లాగి, పళ్ళ మీద గట్టిగా ఊది, మళ్ళీ గుచ్చేవారు. బొమ్మ వచ్చేది. లాగి గుచ్చడం వల్ల వచ్చిన బొమ్మని ఊదడం వల్ల వచ్చిందనుకున్నారు. ఊపిరిలో తడి మాత్రం నా పళ్ళ మీద నిలిచి చిలుము పట్టించింది. ఆ ఊరి పిల్లలందరూ వైద్యం అనుకుంటూ నాకు రోగం తెచ్చిపెట్టారు. నాకు కోపం రాలేదు. కోపం నా పలక మీద అచ్చు వేయని సరుకు.

కంప్యూటర్లొచ్చాయి, షాపు పడుకుంది. రంగశాయి సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకుని అదే గదిలో అదే బల్ల మీద పని మొదలుపెట్టాడు. నన్నూ, ఒక డబ్బానూ జిలానీ తన పిల్లలకని తీసుకెళ్ళాడు. పిల్లలు చూడలేదు. జిలానీ ఆటో సామాన్ల కొట్లో, బ్రేకు వైర్ల వెనక అట్టపెట్టెలో చాలా ఏళ్ళు ఉన్నాను. ఆ కాలంలో రాబడీ లేదు, ఖర్చూ లేదు.

పోయిన వేసవిలో రంగశాయికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, నోరు ఎడమ మూల కిందికి జారింది. ఫోను రిపేరుకి కుడి చేత్తో టంకం వేసే కావియా పట్టాలి, ఎడమ చేత్తో పట్టకారు పట్టాలి. బొటనవేలు కదిలితే పట్టకారు పట్టొచ్చు, పట్టకారు పడితే షాపు తెరవొచ్చు. లెక్క అంత సులువు. కదిలిస్తూ ఉంటే వేలు తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక స్పాంజి బంతి ఇచ్చి పిసకమంది. రంగశాయి దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు. భార్య తులసి తీసిచ్చేది. మళ్ళీ దొర్లించేవాడు. తర్వాత గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. అతని ముఖంలో బాధ కూడా కనిపించేది కాదు.

జిలానీ నన్నూ డబ్బానూ పట్టుకొచ్చి టీవీ ముందు పెట్టాడు.

"నీ కొట్లో చెత్తంతా నా ఇంటికే తెచ్చావా?" అన్నాడు రంగశాయి. మాట ముద్దగా వచ్చింది.

"చెత్త చెత్త దగ్గరికే చేరాలిగా సామీ."

తెర మీద బొమ్మ రాలేదు. "ఊదు," అన్నాడు రంగశాయి.

"నీ షాపు సరుకు. నువ్వే ఊదు."

ఊదాడు. గాలి నోటి ఎడమ మూల నుంచి జారిపోయింది. జిలానీ కిటికీ వైపు చూశాడు. రంగశాయి పెదవి మూలని కుడి చేత్తో నొక్కిపట్టి మళ్ళీ ఊదాడు. చిలుము పట్టిన పళ్ళు కాబట్టి రోజూ మొండికేశాను, రోజూ ఊదాడు. కొన్నాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టకుండా ఊదుతున్నాడు. టీ తాగితే చొక్కా తడవడం లేదు. ఇది తులసి గమనించింది, అతను గమనించలేదు.

ఆట మాత్రం సాగలేదు. ఎడమ చెయ్యి రిమోట్ మీద పెడితే పెట్టినట్టే ఉండేది. సైనికుడు పుట్టినచోటే నిలబడి కాల్చేవాడు. వెనక నుంచి ఎవడో వచ్చి తగిలేవాడు. మూడు ప్రాణాలూ అక్కడే అయిపోయేవి.

"సిరీసంతా మళ్ళీ చూశాను రా," అన్నాడు జిలానీతో. "అడవి మొదలు, మంచుకొండ మొదలు, కోట మొదలు."

"ఆ సగం నాకియ్యి, నేను నడిపిస్తా."

"నా ఎడం చెయ్యి నువ్వా? నీకన్నా అదే నయం. అది వాగదు."

జిలానీ నవ్వుతూ వెళ్ళిపోయాడు. తులసి చిక్కుడుకాయలు వలుస్తోంది. చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, అడక్కుండా అతని చేతి పక్కనే ఎడమ సగం పట్టుకుంది. ఆమె ఏనాడూ ఆడింది కాదు. సైనికుణ్ణి ఎడమకి నడిపింది. వాడు తెర అంచుకి ఆనుకుని కాళ్ళాడించాడు.

"అటు కాదే!"

"మరెటు?"

"కుడివైపు!"

"నా కుడివైపా, వాడి కుడివైపా?"

"ఇద్దరికీ ఒకటే కుడి! గోడకేసి రుద్దుతున్నావు వాణ్ణి. వదులు!"

"వదిలితే ఎవరు నడుపుతారు? మీరా?"

తెలియక అందో, తెలిసే అందో నాకు తేలలేదు. రంగశాయి ఎడమ బొటనవేలు ఆమె వేలి మీదికి జారి, ఒరిగి, కుడి బాణం మీద ఆగింది. తర్వాత నొక్కింది. సైనికుడు అడవిలోకి నడిచాడు. తిన్నగా మొదటి గోతిలో పడ్డాడు. ఇద్దరూ ఎడమ చెయ్యినే చూస్తూ ఉన్నారు, కుడి చేత్తో దూకించాలని అతనికి గుర్తు రాలేదు.

తులసి మెల్లగా తన చెయ్యి తీసేసుకుంది.

"ఇంకా రెండు ప్రాణాలున్నాయి," అన్నాడు రంగశాయి.

ఈ రోజుకి లెక్క ఇది. నా పళ్ళు సగానికి పైగా పోయాయి, మిగిలినవి ఎన్నాళ్ళుంటాయో తెలియదు. షాపు షట్టరు దించే ఉంది. అతని వేలు కుడి బాణాన్ని నొక్కుతోంది, ఎడమ బాణాన్ని నొక్కలేకపోతోంది. అయితే నా మూడు భాగాల్లోనూ ఒకసారి దాటిన తెర మళ్ళీ రాదు. వెనక్కి నడిచే పని ఎక్కడా పెట్టలేదు. కుడి బాణం ఒక్కటి చేతికొస్తే ఆట సాగుతుంది. వచ్చింది అదొక్కటే, దాన్ని లాభం కింద రాసుకున్నాను.