పైవాళ్ళ బట్టలు

పొద్దున్నే వాకిలి ఊడ్చే ముందు అప్పలలక్ష్మి చేసే మొదటి పని పైవాళ్ళ బట్టలు ఏరడం. గాలి గట్టిగా వీచిన రోజు ఎక్కువ పడేవి, లేనిరోజు తక్కువ. తువ్వాళ్ళు, చున్నీలు, ఒంటి సాక్సు, దండెం క్లిప్పులు. అన్నీ దులిపి, మడతపెట్టి గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా ఓ ఇటుకముక్క బరువుంచేది. మధ్యాహ్నానికల్లా ఎవరివి వాళ్ళు తీసుకునేవారు. ఎలా తీసుకునేవారో ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు కూడా.

గోడకి అవతల, జీడితోట కొట్టేసిన ఖాళీ స్థలం. పన్నెండు అంతస్తుల స్టూడెంట్ టవర్ వస్తుందని అక్కడ బోర్డు పాతారు. పునాది ఇంకా తవ్వలేదు గానీ, బోర్డు పాతిన వారానికే పైన పిల్లలు చేరిపోయారు. ఉత్త ఆకాశంలోంచి బట్టలు రాలుతుంటే కాలేజీ వెనక సందులో ఎవరూ నోరు తెరవలేదు. రూములు దొరకని ఊరు కదా, ముందే వచ్చి పట్టుకున్నట్టున్నారు అనుకున్నారు. ఎదురింటి అప్పాయమ్మ మాత్రం తన వాకిట్లో పడ్డ జీన్సు ప్యాంటు చూసినప్పుడల్లా, "పిండకుండానే ఆరేస్తారు కాబోలు, వాకిలంతా నీళ్ళే" అని విసుక్కునేది.

అప్పలలక్ష్మికి పైవాళ్ళ మీద ఏ అనుమానమూ లేదు. ఆవిడ అనుమానమంతా కిందవాళ్ళ మీదే.

టవరు అంత ఎత్తు లేవాలంటే సందు వెడల్పవ్వాలి. సందు వెడల్పవ్వాలంటే మలుపులో ఉన్న అప్పలలక్ష్మి ఇల్లు పోవాలి. ఆ ఇల్లు ఆమెకి తండ్రి రాసిచ్చింది. భర్త సూరన్న కృష్ణదేవిపేట రూటులో షేర్ ఆటో తోలతాడు. ముందుగదిలో మిషను పెట్టుకుని ఆమె కాలేజీ ఆడపిల్లలకి డ్రెస్సులు కుడుతుంది. ఒక్కతే కూతురు దేవి, ఇంటరు రెండో సంవత్సరం. ఇంటి బేరం తెచ్చినవాడు సూరన్న తమ్ముడు జగదీశ్వరరావు. పండక్కి కూడా గుమ్మం తొక్కని ఆ మరిది, ఇప్పుడు వచ్చినప్పుడల్లా జంతికల పొట్లం తెస్తున్నాడు. ఆ పొట్లం చూస్తేనే ఆమెకి ఒళ్ళు మండేది.

"గొలుగొండ రోడ్డులో ఇంతకి రెండింతల జాగా ఇస్తారు వదినా. ఇల్లు కూడా ఆళ్ళే కట్టిస్తారు."

"మరి నీకేటిస్తారు?"

"ఏటొదినా ఆ మాట! అన్నయ్య బాగుంటే నాకది సాలదేటి?"

చాలదని ఆమెకి తెలుసు. అతని పక్కనే కూచున్న బుల్లిబాబు, కంపెనీ తరఫు మనిషి, నవ్వి మాట మార్చాడు. "పాపకి తొమ్మిదో అంతస్తులో బెడ్డు ఫ్రీ అండి. డిగ్రీ అయ్యేదాకా ఎవరూ రూపాయి అడగరు."

గుమ్మం దగ్గర నిలబడ్డ దేవి మొహం ఆ మాటకి వెలిగిపోయింది. గుడ్డలు కత్తిరించే బల్ల కింద చాప వేసుకుని పడుకునే పిల్ల అది. తనకంటూ ఓ కిటికీ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. "ఆడ్నించి సూస్తే కొండలన్నీ కనపడతాయంటమ్మా" అని ఆ వారమంతా అదే పాట. కూతురి సంతోషం మీద కూడా అప్పలలక్ష్మికి అనుమానమే వచ్చింది. బేరం కుదరాలని పిల్లకి ఎవరు నూరిపోస్తున్నారా అని.

తరవాత ఒకరోజు పొద్దున్న ఓ డ్రెస్సు పడింది. లేత మామిడి చిగురు రంగు మీద సన్న తెల్లపూలు. జామకొమ్మకి తగులుకుని వేలాడుతోంది. అందుకుని దులపబోతే గుప్పున వాసన కొట్టింది. పొయ్యి పొగ కాదు, కరెంటు తీగ కాలిన కంపు. కింద అంచు నల్లగా ముడుచుకుపోయి ఉంది. అలవాటు కొద్దీ తిరగేసి కుట్టు చూసింది. చూసి, అరుగు మీద కూచుని మళ్ళీ చూసింది.

చిన్నప్పుడు సైకిలు మీంచి పడి దేవి ఎడమ చెయ్యి విరిగింది. అతికాక ఆ భుజం కొంచెం దిగినట్టుంటుంది. అందుకని దేవికి కుట్టే ప్రతి డ్రెస్సుకీ ఎడమ చంక కింద పలక ఆకారంలో ఓ చిన్న గుడ్డముక్క అతుకుతుంది తల్లి. ఇంకెవరికీ అలా అతకదు. ఆ ముక్క ఇక్కడ ఉంది. మెడపట్టీ లోపల తన చేతి కుట్టు ఉంది. ఆ గుడ్డ మాత్రం ఆమె ఎప్పుడూ చూసింది కాదు, కత్తిరించింది కాదు.

ఆ డ్రెస్సుని గోడ మీద పెట్టలేదు. మిషను సొరుగులో దాచింది.

మళ్ళీ వాళ్ళిద్దరూ వచ్చినప్పుడు అడిగింది. "టవరుకి మెట్లు ఎన్ని ఏపులుంతాయి?"

"లిఫ్టుందండి" అన్నాడు బుల్లిబాబు.

"కరెంటు పోతే?"

"జనరేటరుందండి."

"నేనడిగింది మెట్లు."

బుల్లిబాబు జగదీశ్వరరావు వేపు చూశాడు. "ఉంటాయండి. ఒక వేపు."

సంతకాల రోజు ఖాయం చేసుకునే వెళ్ళారు. సూరన్న అప్పటికే తమ్ముడికి మాట ఇచ్చేశాడు. భార్య సొరుగు తీసి డ్రెస్సు చేతిలో పెడితే వాసన చూశాడు. "పొగే" అన్నాడు. ఆ తరవాత ఆటో తుడుచుకోడానికి వెళ్ళిపోయాడు. ఇంక దాచి లాభం లేదని అప్పలలక్ష్మి కూతుర్ని పిలిచింది.

"ఇది పైనుంచి పడ్డాది."

దేవి దాన్ని వెలుతుర్లోకి తీసుకెళ్ళి తిరగేసింది. "ఇది నీ కుట్టే కదమ్మా."

"అందుకే సెప్తన్నాను."

"నేనా రూముకెల్లడం నీకిష్టం లేదు. ఆ మాటే సెప్పు. నువ్వే కుట్టి, అంచు కాల్చి, పైనుంచి పడ్డాదంటే నమ్మీస్తాననుకున్నావా?"

"ఇలాంటి గుడ్డ మనింట్లో ఎప్పుడైనా సూసావేటే?"

"బజార్లో దొరకదేటి? అందర్నీ అనుమానిస్తావు కదా. నిన్ను నేను అనుమానించకూడదేటి?"

అప్పలలక్ష్మి డ్రెస్సు తీసుకుని మళ్ళీ సొరుగులో పెట్టేసింది. ఆకాశంలోంచి బట్టలు పడతాయంటే సందు సందంతా నమ్ముతుంది. ఈ ఒక్కటీ పడిందంటే కన్నకూతురే నమ్మదు. తన చేతి కుట్టే తన మీద సాక్ష్యం చెబుతోంది. అంత బాగా కుట్టడం ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది ఆమెకి. తల్లీ కూతుళ్ళు ఆ పూట అన్నాలు విడివిడిగా తిన్నారు.

అనుకున్న రోజు పొద్దున్నే బుల్లిబాబు తట్టతో దిగాడు. పళ్ళు, తమలపాకులు, సూరన్నకి పంచె, ఆమెకి చీర. దేవికి గాజు కాగితం చుట్టిన డ్రెస్ పీసు. జగదీశ్వరరావు చాప పరిచి, కాగితాలు పేర్చి, వదిన చేతికి పెన్ను ఇచ్చాడు. ఆమె కాగితాల వేపు చూడలేదు. తట్టలోని పీసు వేపు చూసింది. లేత మామిడి చిగురు రంగు, సన్న తెల్లపూలు. పైనుంచి పడ్డ ఆ గుడ్డే. అయినా పెదవి విప్పలేదు. విప్పితే, అదీ తను ఆడిస్తున్న నాటకమే అంటారు. కూతురి వేపు మాత్రం చూస్తూ కూచుంది.

దేవి అప్పటికే పీసు అందుకుంది. కాగితం తీసి ఒళ్ళో పరుచుకుంది. కత్తెర తగలని గుడ్డ, మడత గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి. వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇదెప్పుడు కొన్నారండి?"

"ఇందాకే పాపా, దార్లో. కొత్త స్టాకంట, మా ముందే కట్ట విప్పేరు. ఊర్లో ఇంకెవరి దగ్గరా ఉండదు" అన్నాడు బుల్లిబాబు గొప్పగా. "బాగుంది కదా?"

"బాగుందండి."

 దేవి ఆ గుడ్డని అవే గీతల మీద మళ్ళీ మడిచి తట్టలో పెట్టింది. "నాకొద్దండి. ఆ బెడ్డూ వద్దు."

"శుభమా అని సంతకం పెట్టుకుంటుంటే ఇదేటే తల్లీ?" అన్నాడు చిన్నాన్న.

అప్పలలక్ష్మి పెన్నుకి మూత పెట్టింది. "పళ్ళు కూడా తీసుకెల్లండి" అంది.

జగదీశ్వరరావు లేచి నిలబడ్డాడు. అంతసేపూ ఉన్న నవ్వు మొహంలోంచి పోయింది. "నీ అనుమానమే నిన్ను తినీస్తాది వదినా. దీని మీద నేనెంత ఆశ పెట్టుకున్నానో నీకు తెల్దు" అన్నాడు. ఆ రెండో మాట నోరు జారి వచ్చింది. సూరన్న తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. అంతే, ఆ అన్నదమ్ముల మధ్య రాకపోకలు ఆ రోజుతో ఆగిపోయాయి.

వాళ్ళు వెళ్ళాక సొరుగు తీస్తే అందులో దారపు ఉండలే ఉన్నాయి, ఆ కాలిన డ్రెస్సు లేదు.

మర్నాడు వాకిట్లో బట్టలు పడలేదు. గోడ మొదట్లో మాత్రం, తక్కువ ఎత్తునుంచి జారినట్టు, రెండు తువ్వాళ్ళున్నాయి. "పైవాళ్ళు సాలామంది ఖాళీ చేసీసినట్టున్నారే" అంది అప్పాయమ్మ, కొంచెం బెంగగానే. కంపెనీ వాళ్ళు చాలా ఊగిసలాడి, ఉన్న సందుకే మూడంతస్తులు వేసి ఆడపిల్లల హాస్టల్ తెరిచారు. చింతపల్లి నుంచీ కొయ్యూరు నుంచీ పిల్లలు వచ్చి చేరారు. దేవి బల్ల కింద చాప మీదే పడుకుని డిగ్రీలో చేరింది. తొమ్మిదో అంతస్తు సంగతి తల్లీ కూతుళ్ళు మళ్ళీ ఎత్తలేదు. దేవి ఎత్తకపోవడం కూడా తల్లికి అనుమానంగానే ఉండేది. లోపల్లోపల తనని తిట్టుకుంటోందేమో అని.

దేవి డిగ్రీ రెండో ఏడు ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, హాస్టల్ మెట్ల కింద కరెంటు బోర్డు పేలింది. ఉన్న ఒక్క మెట్లదారీ పొగతో నిండిపోయింది. పిల్లలు కిటికీల్లోంచి అరుస్తున్నారు. సందులో ఉన్న పరుపులన్నీ గోడ కిందకొచ్చి పడ్డాయి. రంగులేసేవాళ్ళ పొడుగు నిచ్చెన ఆటో మీద కట్టుకుని సూరన్న వచ్చాడు. కాలేజీ నుంచి వచ్చిన దేవి పుస్తకాలు విసిరేసి నిచ్చెన మొదలు పట్టుకుంది. ఒక్కో పిల్లా దిగుతుంటే, "కిందకి సూడకు, నన్ను సూడు" అని అరుస్తూనే ఉంది. పై అంతస్తు పిల్లలు దిగేసరికి బాగా ఆలస్యమైంది. ఒకమ్మాయి కాలు బెణికింది. ఇద్దరికి దగ్గు ఆగలేదు. అందరూ దిగారు.

ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయి పైపు లాగే వేళకి, పిల్లలంతా అప్పలలక్ష్మి ఇంటి నిండా కూచుని ఏడుస్తున్నారు. ఆమె ఉన్న అన్నమంతా బేసిన్లో వేసి పప్పు కలిపి ముద్దలు చేసి పెడుతోంది. దేవి వాకిట్లో నిలబడి పైకి చూస్తోంది. తల్లి చేతిలో ముద్దతోనే బయటికి వచ్చింది.

హాస్టల్లోంచి లేచిన పొగ మూడో అంతస్తు దాటి, ఖాళీ ఆకాశంలో నిట్టనిలువుగా పోతోంది. పోయి పోయి చాలా ఎత్తున, కప్పుకి తగిలినట్టు ఒకచోట ఆగి, గోడలకి పాకినట్టు నాలుగు పక్కలా పరుచుకుని, నల్లగా, దట్టంగా అక్కడే నిలబడిపోయింది.

"ఆడే కదమ్మా, నా రూము?" అంది దేవి.

 అప్పలలక్ష్మి చేతిలోని ముద్ద కూతురి నోట్లో పెట్టింది. దేవి అది నమిలి మింగి, కళ్ళు తుడుచుకుంది.

"పద, ఆ కాలు బెణికిన పిల్లకి ఇంకా పెట్టలేదు" అంది తల్లి.