మొగులమ్మ తోటకూర

చిట్కుల్ బడిలో మధ్యాహ్నం వంట మొగులమ్మది. బడి వెనక మడిలో ఆమె పండించే తోటకూర, విత్తనంలో ఇసుక కలిపేటప్పుడు పక్కన ఎవరేం మాట్లాడితే అదే రోజూ పొద్దున్నే పలుకుతుంది. కిందటిసారి ఎవరో గ్యాసు బండ అతనితో తగువు పెట్టుకున్నారు. కోతకొచ్చేదాకా ఆ మడి గ్యాసు బండ గురించి రుసరుసలాడుతూనే ఉంది. పిల్లలు దాని పక్కనే ఆడుకునేవారు.

ఆ రోజు జ్యోతి టీచర్ ఐదో తరగతికి ‘స్కాటర్’ అనే ఇంగ్లిష్ మాట చెబుతోంది. పోలీసులు గుంపును చెదరగొట్టినా స్కాటరే, గాలికి కాగితాలు చెల్లాచెదురైనా స్కాటరే, రైతు విత్తనం చల్లినా స్కాటరే. ఒక్క మాట ఇన్ని పనులు చక్కబెడుతుందని ఆమెకు భలే ముచ్చట.

హరిచందన లేచింది. ఏది అడిగినా ముందు చెయ్యెత్తే పిల్ల.

“టీచర్, మా నాయిన కంపెనీ బందైంది. రేపు కిష్టారెడ్డిపేట పోతున్నం. నాయిన ఆడ వాచ్‌మన్, అమ్మ ఇండ్లల్ల పనికి పోతది. తమ్ముణ్ణి నేనే సూస్కోవాలె, ఇగ బడి లేదు. గిది గూడ స్కాటరేనా?”

జ్యోతి పుస్తకం మూసింది. పిల్లలందర్నీ మడి దగ్గరికి తీసుకెళ్లింది. గింజలు ఒక్కచోటే కుప్పగా పడకుండా మొగులమ్మ చేటలో విత్తనానికి ఇసుక కలుపుతోంది. ఆ చెయ్యి తిరిగే తీరు ఎంతసేపు చూసినా తనివి తీరదు.

“నువ్వు కలుపుతుండు అక్కా, నేను అటెండెన్స్ తీస్త,” అంది జ్యోతి.

పేరు పిలిస్తే చాలు, పిల్లలు గొంతెత్తి పలికారు. హరిచందన పేరు దగ్గర మాత్రం జవాబు లేదు. ఆ పిల్ల ఏడుస్తోంది. జ్యోతి మళ్లీ పిలిచింది. మళ్లీ లేదు.

మొగులమ్మ ఆ కలిపిన విత్తనమే గుప్పెడు గుడ్డలో కట్టి పిల్ల చేతిలో పెట్టింది. “మీ కొత్తింటి కాడ సల్లుకో బిడ్డా.”

తోటకూర జానెడు ఎదిగే రోజులకు హరిచందన తండ్రి దశరథ్ బడికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

“టీచరమ్మా, పొద్దుగాల లేస్తే ఆ తోటకూరల నీ గొంతే. పోరగాళ్లందరు పలుకుతరు. ఒక్క నా బిడ్డ పేరుకే సప్పుడుండదు. పీకేద్దామంటె నా ఇంటామె చెయ్యి వెట్టనిస్తలేదు. గేటు కాడ కూసోని రోజూ గదే ఇంటున్న, ఇగ నాతోని గాదు. టీసీ రాసియ్యి, బిడ్డను ఆడ బడిల ఏస్త. చిన్నోణ్ణి నా ఎంబడే గేటు కాడ కూసోవెట్టుకుంట.”