గీత దాకా నీళ్లు

నేను ఒక గాజు తొట్టెను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. శ్రీకాకుళంలో చేపల దుకాణం నడిపే గురువులు అద్దాలు కోసి, అంచులు నూరి, మూలలు సిలికాన్‌తో అతికించి నన్ను చేశాడు. నిండా నీళ్లు పోసి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి రెండు రోజులు చూశాడు. కాగితం తడవలేదు. మా జాతికి అదొక్కటే పరీక్ష. అందులో నేను నెగ్గాను. ఇప్పటికీ నెగ్గుతూనే ఉన్నాను.

మొదట నన్ను బస్టాండు దగ్గరి ఒక లాడ్జి వాళ్లు కొన్నారు. గది ఖాళీ లేదని చెప్పించుకున్నవాళ్లంతా ఆ కోపంతో నా అద్దం మీద టకటకా కొట్టేవారు. ఒకాయన నా బంగారు చేపలకు టీలో ముంచిన బిస్కట్టు పెట్టాడు. అవి చచ్చాయి. మర్నాడు వచ్చి, "పాపం, ఏ రోగమొచ్చిందో" అన్నాడు. మనుషులు తాము ప్రేమగా చేసిన పనికి రోగమని పేరు పెట్టుకోవడం మొదట అక్కడ చూశాను. లాడ్జి మూతపడ్డాక మళ్లీ గురువులు దుకాణానికే చేరాను.

అక్కడికి వచ్చారు దాలినాయుడూ, ఆయన భార్య దమయంతీ. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. కొలిస్తే తెలియనిది ఏదీ ఉండదని ఆయన నమ్మకం. ఆమెది కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం వైపు పల్లె. రెండు కిడ్నీలూ పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అందుకని రోజుకు ఏడు వందల మిల్లీలీటర్లకు మించి తాగకూడదన్నారు డాక్టర్లు. ఆయన పొద్దున్నే ఒక సీసాలో అంతే కొలిచి పోసి ఇచ్చేవాడు.

"నీళ్లు తాగొద్దన్నారు గానీ చూడొద్దనలేదు కదేటి" అని ఆమె అడిగిందట. అందుకే ఆ రోజు నా ముందు నిలబడ్డారు.

"లీకేజీ ఏమన్నా ఉందా గురువులూ?"

"నాను సేసిన తొట్టి మాస్టారూ. మీ కళ్లమ్మటన్నా నీళ్లు కారతాయేమో గానీ, దీనమ్మట కారవు."

పక్క తొట్టెలో డిస్కస్ చేపలున్నాయి. గుండ్రంగా, బల్లపరుపుగా, ఎరుపూ నీలమూ చారలతో. దమయంతి వాటినే చూస్తూ నిలబడిపోయింది. "అప్పడాల్లాగున్నాయి. ఇయ్యే కావాల." అవి సుకుమారమైనవి, వేడి నీళ్లు కావాలి, ఉప్పదనం లేని నీళ్లు కావాలి, మీవల్ల కాదని గురువులు చెప్పి చూశాడు. మీవల్ల కాదు అనే మాట దాలినాయుడు దగ్గర ఎవరూ అనకూడదు. చిన్నప్పటినుంచీ ఆ మాట విని విని చదివినవాడు.

నన్ను వాళ్ల హాల్లో కిటికీకి ఎదురుగా పెట్టారు. అడుగున మొక్కలకు పోషకాల మట్టి, దానిమీద కడిగిన ఇసుక. ఒక ఎండిన చెట్టు వేరును పది రోజులు బకెట్లో నానబెట్టి, దాని ఎర్ర రసం పోయాక మధ్యలో నిలబెట్టాడు. కత్తుల్లాంటి ఆకుల మొక్కలు, రిబ్బన్లలాంటి పొడుగాకుల మొక్కలు నాటాడు. ఫిల్టరు, దీపం, నీళ్లను ఇరవై తొమ్మిది డిగ్రీల దగ్గర ఉంచే హీటరు, పైన అద్దం మూత. వంటింట్లో వాళ్లు తాగే ఫిల్టరు నీళ్లే నాకూ పోసి, అద్దం మీద స్కెచ్‌పెన్నుతో ఒక గీత గీశాడు. నీళ్లు ఎప్పుడూ గీత దాకా ఉండాలి. చేపలు మాత్రం రాలేదు. నీళ్లలో మంచి సూక్ష్మజీవులు పెరిగేదాకా ఐదు వారాలు ఆగాలన్నాడు.

"ఏటి మాస్టారూ, చేపల్లేని నీళ్లకి కాపలా ఏటి?" అని ఆమె నవ్వింది. ఆమె ఆయన్ను మాస్టారనే పిలిచేది. నన్ను మాత్రం 'నా గెడ్డ' అనేది. వాళ్ల ఊరివైపు వాగును అలాగే అంటారు.

ఐదు వారాల తర్వాత ఆరు డిస్కస్ చేపలు వచ్చాయి. ఆయన రోజూ కాలేజీకి బయల్దేరేముందు లీటరు బీకరుతో వచ్చి, ఆవిరైన మేరకు నీళ్లు పోసి గీతకు కలిపేవాడు. అర బీకరు సరిపోయేది.

మాఘమాసం వెళ్లిపోతూండగా ఒక మధ్యాహ్నం దమయంతి నా ముందుకు వచ్చింది. సీసా అప్పటికే ఖాళీ. పెదవులు పగిలి ఉన్నాయి. అద్దానికి చెంప ఆనించి కాసేపు ఉంది. తర్వాత మూత జరిపింది. చేతిలో చిన్న స్టీలు గ్లాసు. మేత కోసమనుకుని చేపలన్నీ పైకొచ్చాయి.

"మాస్టారికి చెప్పీకండర్రా" అంది వాటితో.

గోరువెచ్చటి నీళ్లు, నాచు వాసన నీళ్లు, చేపలు తిరిగే నీళ్లు. కళ్లు మూసుకుని తాగింది. నీళ్లను పట్టుకుని ఉంచడమే నా ధర్మం అనుకున్నాను గానీ, పైనుంచి తీసుకునే చేతిని ఆపడం నాకెవరూ నేర్పలేదు. మర్నాడు రెండు గ్లాసులయ్యాయి.

ఇక అర బీకరు చాలలేదు. ఆయన నా కింద న్యూస్‌పేపర్లు పరిచాడు. తడవలేదు. మూలమూలలా వేలితో తడిమి చూశాడు. టార్చి వేసి స్టాండు కిందికి దూరాడు.

"మరీ పోలీసోడిలాగ ఏటది, లేవండి. ఎండలు ముదురుతున్నాయి కదా, ఆవిరైపోతన్నాయి" అంది దమయంతి. ఆ మాట ఆయనకు నచ్చింది. అందులో సైన్సు ఉంది.

డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా ఆమె బరువు పెరిగి ఉండేది. ఒకరోజు ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అరిచాడు. "నీళ్లు ఎక్కువ తాగిస్తన్నారా అని డాక్టర్లు నన్నడుగుతారు! నా చేత్తో కొలిచి ఇస్తన్నాను. చుక్క తేడా లేదని గట్టిగా చెప్పీసినాను."

ఆమె నా వైపు చూసింది. "మాస్టారూ..." అంది.

"ఏటి?"

"ఏటీ లేదు. చేపలకి మేత వేసినారా అని."

ఆ మరుసటి రోజు నుంచి ఆయన సీసాను ఏడు వందల నుంచి ఐదు వందలకు తగ్గించాడు. ఆమె మంచికే. ఆ రెండు వందలూ, వాటితోపాటు ఇంకొంచెమూ నా దగ్గర పెరిగాయి. బీకరు నిండా పోసినా గీత అందేది కాదు. ఆయన ఓపికగా ఇంకో పావు తెచ్చి పోసేవాడు. ఆయన ఒక చేత్తో తగ్గిస్తున్నవి రెండో చేత్తో తానే పోస్తున్నాడని ఆ ఇంట్లో ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

చైత్రం చివర ఒక ఉదయం ఆమెకు ఊపిరి అందలేదు. కూర్చోలేక, పడుకోలేక, నా స్టాండు పట్టుకుని నిలబడింది. ఆటో వచ్చింది. వెళ్తూ వెళ్తూ నన్ను చూసి ఏదో అనబోయింది గానీ గాలి చాలలేదు. తిరిగి రాలేదు.

చుట్టాలు హాలు నిండా కూర్చున్నారు. "ఊపిరితిత్తుల్లో నీరు చేరిపోయిందన్నారు" అని ఆయన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. "నీళ్లెక్కడివి? నేను కొలిచి ఇచ్చినాను కదా." రోగం అలాంటిదన్నారు.

పదకొండో రోజు కార్యమయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆయన బీకరు తెచ్చి నన్ను గీత దాకా నింపాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. సగం పోసేసరికి గీత అందింది. బీకరు ఎత్తి కళ్లెదురుగా పట్టుకుని చూశాడు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. బయట వైశాఖపు ఎండ. నా నీళ్లు ఇంకా ఎక్కువ ఆవిరవ్వాల్సిన రోజుల్లో, ఆమె ఉన్నప్పుడు పట్టిన బీకరుంపావు ఇప్పుడు అర బీకరైంది. కెమిస్ట్రీ మాస్టారు. ఆయనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

బీకరు కింద పెట్టాడు. మూత జరిపాడు. దోసిలి ముంచి నోట్లో పోసుకున్నాడు. మింగలేకపోయాడు. పెదవి చివరనుంచి కారిపోయాయి.

"ఇయ్యి తాగినావా దమయంతీ" అన్నాడు. "ఇయ్యి తాగినావా."

చేపలు మేత కోసం పైకొచ్చి, ఆయన వేళ్ల చుట్టూ తిరిగాయి.

ఆషాఢంలో గురువులు బండి తీసుకుని వచ్చాడు. చేపల్ని సంచుల్లోకి దింపి, మొక్కలు పీకి, నీళ్లు తోడేశాడు. నన్ను వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, సెకండ్‌హ్యాండు తొట్టెలకు అడగాల్సిన మాట అడిగాడు.

"మాస్టారూ, లీకేజీ ఏమన్నా వచ్చిందా?"

దాలినాయుడు బొటనవేలితో అద్దం మీది గీతను తుడవబోయి ఆగాడు.

"లేదు గురువులూ. లీకేజీ ఎప్పుడూ లేదు."

ఇప్పుడు దుకాణం వాకిట్లో ఉన్నాను. నా అద్దం మీద గురువులు పెద్ద అక్షరాలతో 'లీకేజీ లేదు' అని రాశాడు. దానికింద ఆ పాత గీత ఇంకా ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు.

"ఏటీ లేదు," అంటాడు గురువులు, "నీళ్లు అక్కడి దాకా పోసేవోరు."