పురుగులకు పెట్టిన విందు

జురందీర్ తన చేపలను చూసి మురిసిపోవడం మానేసి చాలా రోజులైంది. ఇప్పుడు వాటిని చూసి జనాన్ని తిడుతున్నాడు.

సొలిమోయెస్ నదిలో నీళ్ల మీద తేలే తన ఇంటి తెప్పకు ఆనించి వల బోను కట్టి, తంబాకీ చేపలు పెంచాడు. భార్య ఇవనెచి ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు జాలర్లను కాచే సెయింట్ పీటర్‌కు మొక్కుకున్నాడు. ఆమె బతికి బయటపడితే, ఆయన పండగనాడు తన చేతుల్తో పెంచిన చేపలతో రేవు జనమంతటికీ విందు పెడతానని. ఇవనెచి బతికింది, మునుపటికంటే గట్టిగా కేకలేస్తోంది. సెయింట్ మాట నిలబెట్టుకున్నాడు. చేపలే మాట తప్పాయి. ఇంతేసి తలలు, తలల వెనక ముళ్లు. మేత మాత్రం పెళ్లికొచ్చిన చుట్టాల్లా మింగుతున్నాయి.

"ఆ ఎదుటి తెప్ప వాల్దెసీ గాడి కన్నే! రోజూ పడవాపి మరీ చూస్తాడు" అని బోను చుట్టూ ఎర్రగుడ్డలు కట్టాడు, వెల్లుల్లి దండ వేలాడదీశాడు. చేపల ఆరోగ్యానికి ఇంతకంటే ఏ మారాజు చేస్తాడు?

పండగ ముందురోజు ఇవనెచి ఒక చేపను కోసి, పేగు నిలువునా చీల్చి మొగుడి ముందు పెట్టింది. సందు లేకుండా తెల్లటి పురుగులు. పేగు గోడకు మూతులు గుచ్చుకుని వేలాడుతున్నాయి.

"ఇదిగో, నీ మేత తిన్నది వీళ్లు. బాగానే బలిశారు, దిష్టి తీయమంటావా?"

"ఇవెక్కణ్ణుంచి ఊడిపడ్డాయే?"

"చేపల డాక్టరు చెప్పలేదూ? ఆయనకి కాఫీ పోసి, నాకా చెప్పొచ్చావని సాగనంపావు. పేగులోంచి వీటి గుడ్లు నీళ్లలో పడితే నలుసంత నీటిపురుగులు మింగుతాయి, ఆ నీటిపురుగుల్ని చేపలు మింగుతాయి అన్నాడు. కోసిన ప్రతి చేప పేగూ బోనులోకి విసిరేదెవరు? నేనా, వాల్దెసీనా?"

నదిలోంచి తీసినదాంట్లో కొంత నదికే ఇవ్వాలని జురందీర్ నాన్న పేగులు విసిరేవాడు, తాత విసిరేవాడు. వాళ్లకు బోను లేదు, చుట్టూ పారే నది ఉంది. ఆ తేడా ఇతగాడి బుర్రకు ఇప్పటిదాకా తట్టలేదు.

"నీ ప్రాణానికి బదులిస్తానన్నానే. ఇవా నేనిచ్చేది?" జురందీర్‌కు చచ్చేంత సిగ్గేసింది.

"నా ప్రాణం ఇంత బక్కదని పీటర్ అనుకుంటాడా ఏం? పేగులు గట్టు మీద గొయ్యి తీసి పూడ్చు. మిగతాది పులుసు పెడదాం."

మర్నాడు పులుసు, కర్రపెండలం పిండి. వరసలో ముందున్న వాల్దెసీ గిన్నెలో చెంచా తిప్పి తిప్పి చూశాడు.

"ఏం బావా, చేప ఈదుకుంటూ పోయిందా? కండేదీ?"

జనం పగలబడి నవ్వారు.

"పురుగులు తిన్నాయి బావా" అన్నాడు జురందీర్. "పేగులు బోనులో వేసి నేనే పెంచాను."

నవ్వు ఆగిపోయింది. ఆ రేవులో ప్రతి ఇంటికీ ఒక బోనుంది. వాల్దెసీ గిన్నె కింద పెట్టి తన తెప్ప వైపు తిరిగాడు. అక్కడ వాళ్లావిడ చేపలు కోయడం ముగించి, పేగుల తట్ట పట్టుకుని బోను అంచున నిలబడింది.

"వద్దే, ఆపవే!" అని అరిచాడు.

మాట సరిగా వినబడక ఆవిడ నవ్వుతూ చెయ్యూపి, తట్ట బోనులోకి బోర్లించింది.