జ్వరం వచ్చినవాళ్ళ వరుస

ఆ కాలేజీలో సెలవు చీటీకి ఒక నియమం ఉండేది. ఒంట్లో బాగోలేదని రాసిన కాగితాన్ని, ఒంట్లో బాగోలేని విద్యార్థే స్వయంగా తెచ్చి ఉదయం పదిలోపు ఆఫీసు కౌంటరులో ఇవ్వాలి. స్నేహితుడి చేత పంపితే చెల్లదు. మంచం మీంచి లేవలేనివాడు, లేవలేనని చెప్పడానికి లేచి రావాలన్నమాట! పాఠకులారా, ఇలాంటి తెలివి చదువుకున్నవాళ్ళకే వస్తుంది.

ఈ నియమం పెట్టించింది పెద్ద గుమాస్తా గారు. పిల్లలు ఆయన్ని చాటుగా ‘రూల్సు బాబాయి’ అనేవారు. ఆయన చెడ్డవారేమీ కారు. ఒకసారి పెద్ద మ్యాచి ఉన్న రోజున నలభై ఒక్క మందికి ఒకేసారి కడుపునొప్పి వచ్చిందని చీటీలు అందేసరికి ఆయనకు ఒళ్ళు మండింది. మనిషిని చూస్తేగానీ నమ్మనని ఆనాటి నుంచి భీష్మించుకు కూర్చున్నారు.

కౌంటరులో కూర్చుని చీటీలు అందుకునే అమ్మాయి ఆయన కోడలే. ఆఫీసులో ‘సార్’ అని పిలిచేది, గేటు దాటగానే ‘మావయ్యా’ అనేది. ఆమెకు ఏడో నెల.

ఆ ఏడాది చలికాలం కాలేజీలోకి ఫ్లూ జ్వరం వచ్చింది. సోమవారం వరుసలో ఆరుగురు నిలబడ్డారు, గురువారానికి వాళ్ళు ముప్పై దాటారు. నిలబడలేనివాళ్ళకు తోడుగా వచ్చిన మిత్రులు మర్నాడు తమ చీటీలు తామే తెచ్చుకున్నారు. ముక్కులు తుడుచుకున్న చేతులతోనే, కౌంటరుకు దారం కట్టి ఉంచిన ఒకే ఒక్క పెన్నుతో అందరూ రిజిస్టరులో సంతకాలు పెట్టారు. కాగితాలు ఎగిరిపోతాయని ఆ గది కిటికీలు ఎప్పుడూ బిగించే ఉండేవి.

కాలేజీ నర్సు ఆ వరుసను చూసి తిన్నగా గుమాస్తా గారి బల్ల దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యా, దీన్ని ఈరోజే ఆపేయండి. జ్వరమొచ్చినవాళ్ళని గదుల్లోనే ఉండనివ్వండి. చీటీ ఫోన్లో పంపితే ఏం పోయింది?”

“ఫోన్లో చెయ్యి పట్టుకు చూస్తావా తల్లీ? వీళ్ళ సంగతి నీకు తెలీదు. చనువిస్తే చంకెక్కే రకం.”

“పోనీ, కోడల్నైనా లోపలి గదిలో కూర్చోబెట్టండి. కడుపుతో ఉన్న పిల్ల. ఫ్లూ టీకా వేస్తాను పంపండని రెండుసార్లు కబురుపెట్టాను కదా.”

“పరీక్ష ఫారాల గడువు ఎల్లుండే. అది అవ్వనీ, పంపిస్తాలే.”

కోడలు తలెత్తి ఏదో చెప్పబోయింది. ఇంతలో కౌంటరు అవతల ఒక కుర్రాడు దగ్గుతూ కాగితం చాపాడు. ఆమె అందుకుంది.

ఫారాలు గడువులోపే వెళ్ళాయి. ఆ మర్నాడే ఆమెకు జ్వరం తగిలింది. మూడో రోజుకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమేనని డాక్టరమ్మ చెప్పింది.

“ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వచ్చిందా?” అని ఆవిడ అడిగింది.

“లేదండీ,” అన్నాడు గుమాస్తా గారి కొడుకు. “మరి ఎక్కడ అంటుకుందో...”

ఎక్కడ అంటుకుందో తండ్రికి తెలుసు. ఏ రోజు ఎంతమంది వచ్చారో, ఎవరెవరు వచ్చారో అన్నీ రిజిస్టరులోనే ఉన్నాయి. జబ్బును కోడలి ముందుకు రప్పించి, సంతకం కూడా పెట్టించుకున్నది తానేనని ఆయన గుండె అవిసిపోయింది. నాలుగు రోజులు ఆమె గది తలుపు బయట బెంచీ మీదే కూర్చున్నారు. కొడుకు తండ్రిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకు.

నాలుగో రోజు ఆక్సిజన్ తీసేశారు. బిడ్డ గుండె సవ్యంగానే కొట్టుకుంటోందన్నారు. మామగారు మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళి మంచానికి దూరంగా నిలబడ్డారు.

“కౌంటరులో ఎవరున్నారు మావయ్యా?” అని అడిగింది ఆమె సన్నటి గొంతుతో.

“ఫీజుల సెక్షను అమ్మాయిని వేశారమ్మా.”

“వరుస ఇంకా ఉందా?”

“ఉందమ్మా.”

“ఆ పిల్లకి ఇంట్లో చంటిబిడ్డ ఉంది మావయ్యా.”

ఆయన ఇక అక్కడ నిలబడలేదు. వరండాలోకి వచ్చి ప్రిన్సిపాలుకు ఫోన్ చేశారు.

“సార్, చీటీల వరుస ఇప్పుడే తీసేయించండి. చీటీలన్నీ ఫోన్లోనే రానివ్వండి. హాస్టల్లో జ్వరమున్నవాళ్ళని వేరే గదుల్లో ఉంచి, భోజనం అక్కడికే పంపుదాం. ఆఫీసు కిటికీలు తెరిపించండి, కాగితాలు ఎగిరితే నేను వచ్చి ఏరుకుంటాను. టీకాకి నర్సమ్మ ఎవర్ని పిలిస్తే వాళ్ళని అప్పుడే పంపండి. ఏ ఫారమూ అడ్డం రాకూడదు.”

“మీరేనా ఈ మాట అంటున్నది! మరి పిల్లలు అబద్ధాలాడితే?”

“ఆడనివ్వండి సార్. పదిమంది దొంగజ్వరంతో ముసుగుతన్ని పడుకుంటే మనకి పోయేది పది హాజర్లు. ఒక్కడు నిజం జ్వరంతో వచ్చి నిలబడితే ఏం పోతుందో నాలుగు రోజులుగా చూస్తున్నాను. జబ్బు చేసినవాడి మాట నమ్మి వాణ్ణి పడుకోనివ్వాలి సార్, మిగతావాళ్ళు బతికి బట్టకట్టేది అందువల్లే.”