చెవి మాస్టారు

స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద డీజిల్ చిమ్మే మూడో నాజిల్ పక్కన ఆనించి, పిడిని దవడ ఎముకకు అదిమిపెట్టి, మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ పదకొండుమంది శిక్షణార్థులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇంజను వణుకు ఇనుప కడ్డీ గుండా ఎక్కి దవడలోకి, అక్కణ్ణుంచి పళ్ళలోకి పాకింది. మిగతా దెబ్బలన్నీ పొడిగా తగులుతున్నాయి. ఇక్కడ మాత్రం మొద్దుగా, తడిబట్ట మీద సుత్తి వేసినట్టుగా ఉంది.

"మూడోది కారుతోంది. విప్పి చూడండి," అన్నాడు.

విప్పారు. కారుతోంది.

"చెవి మాస్టారంటే ఊరికే అన్నారా!" అన్నాడు ఎవరో. ఆ మాట అతనికి వినపడలేదు. వాళ్ళ మొహాలు చూసి ఏమన్నారో గ్రహించాడు.

మూడేళ్ళ కిందటి వరకూ ఆ పిడిని చెవికే ఆనించేవాడు. దవడకు మార్చినప్పుడు ఎందుకని అడిగినవాళ్ళకు, "చెవికంటే ఎముకకి బాగా తెలుస్తుంది," అని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. నిజం సగమే ఉంది.

పందొమ్మిదో ఏట పనిలోకి వచ్చినప్పుడు అతన్ని లారీ ఇంజన్లు పరీక్షించే గదిలో వేశారు. సైలెన్సరు లేని నాలుగు ఇంజన్లు రోజంతా తిరుగుతూ ఉండేవి. చెవుల్లో దూది పెట్టుకుంటే తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏరా, ఇంజనంటే భయమా? పోయి పూలు అమ్ముకో," అనేవాళ్ళు. అతను దూది తీసేశాడు. తొమ్మిదేళ్ళు ఆ గదిలో ఉన్నాక ఏ ఇంజను ఎక్కడ నలతగా ఉందో వాకిట్లోంచే చెప్పగలిగాడు. ఆ పేరు మీదే ఈ శిక్షణ బడిలో ఉద్యోగం వచ్చింది. ఇరవై ఏడేళ్ళుగా డీజిల్ లారీల మరమ్మతు నేర్పుతున్నాడు. కూడు పెట్టిన ఇంజనే చివరికి చెవులు తినేసింది.

శబ్దాలన్నీ ఒక్కసారే పోలేదు. ముందు కుక్కరు కూత పోయింది. తర్వాత తలుపు గంట. భార్య గొంతు మగవాళ్ళ గొంతులకంటే ముందే పోయింది. ముప్పయ్యేళ్ళు విన్న గొంతు, ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా పూర్తిగా గుర్తుకు రాదు.

ఆ ఉదయం కూడా ఆమె అతని పాదం తట్టి లేపింది. కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదిలిస్తూ మాట్లాడింది.

"ఈ వేళైనా చెప్పెయ్యండి. చెవులు పోయినవాళ్ళు బతకట్లేదా?"

"చెవి మాస్టారికి చెవులు లేవని చెప్పమంటావా? నాలుగు నెలలు ఓపిక పట్టవే. రిటైరైపోతాను. అప్పుడు ఊరంతా దండోరా వేయించుకో, నాకెలాగూ వినపడదు."

ఆమె నవ్వలేదు. "నాలుగు నెలలంటే ఎన్ని రోజులో మీకు తెలుసా?" అంది. అతను చూపు గ్లాసులోకి దించుకున్నాడు. ఆమెతో మాటలు ఆపెయ్యడానికి అతనికి చేతనైన ఉపాయం అదొక్కటే.

బడిలో ఈ సంగతి తెలిసినది ఒక్క మనిషికే. ఆమె ముప్పయ్యేళ్ళ మనిషి, బట్టల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు కుట్టి, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. అందరూ మిషనమ్మ అంటారు. చేరిన పదో రోజున, అందరూ వెళ్ళాక, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"మిషన్ల హోరులో మేమంతా పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళం మాస్టారూ. మీరు చూసే చూపు నాకు తెలుసు. నేనెవరికీ చెప్పను."

అతనికి ముందు కోపం వచ్చింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచీ, అతను లారీ క్యాబిన్లో కూర్చుని ఇంజను స్టార్టు చెయ్యాల్సి వచ్చినప్పుడల్లా, ఆమె బానెట్ పక్కగా అతనికి కనబడేలా నిలబడేది. ముందున్నవాళ్ళు చేతులు బయటికి తీశాక పిడికిలి పైకెత్తేది. అతను తాళం తిప్పేవాడు. ఆ ఏర్పాటు గురించి ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

షెడ్డు గోడ మీద అతని చేత్తో రాసిన అక్షరాలున్నాయి: పిలువు. జవాబు విను. ఆ తర్వాతే తాళం. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళు నిద్రలో లేపి అడిగినా అది అప్పజెబుతారు. తాళం దగ్గరున్నవాడు "చెయ్యి?" అని కేకెయ్యాలి. ముందున్నవాడు "తీశాను!" అనాలి. అది వినపడేదాకా తాళం ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను బెల్టు పాఠం. పాత లారీ బానెట్ ఎత్తిపెట్టారు. బెల్టు బిగువు సరిచేసే వంతు, అందరూ డ్రైవరన్న అనే శిక్షణార్థికి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళు లారీ నడిపాడు. రాత్రిపూట చూపు ఆనకపోవడంతో లైసెన్సు పోయింది. ఇక్కడ చేరిన మొదటి వారం పానా పట్టుకోవడానికి సిగ్గుపడుతుంటే మాస్టారు వీపు మీద తట్టి, "కళ్ళు మందగిస్తే ఏమయ్యా, చేతులున్నాయిగా," అన్నాడు. ఆ మాట డ్రైవరన్న ఇంట్లో భార్యకీ, తల్లికీ చెప్పుకున్నాడట. ఇంకో పది రోజుల్లో ఆఖరి పరీక్ష. పాసైతే తను నడిపిన లారీలు నిలిపే డిపోలోనే మెకానిక్కు పని ఇస్తామన్నారు.

బెల్టు బిగించాక ఇంజను తిప్పి చూడాలని మాస్టారు క్యాబిన్ ఎక్కాడు. బానెట్ పక్కన మిషనమ్మ లేదు. పరీక్ష కాగితం మీద సంతకం చెయ్యాలని పావుగంట కిందట ఆఫీసు నుంచి పిలుపొస్తే వెళ్ళింది. ఆగుదామా అనుకున్నాడు. పదిమంది ఎదురుచూస్తున్నారు. ఎందుకు ఆగారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

"చెయ్యి?" అని కేకేశాడు.

ఎత్తిన బానెట్ వెనక నుంచి ఏదో గొంతు వచ్చింది. నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు, మూడక్షరాల మాట. ఇరవై ఏడేళ్ళుగా ఆ పిలుపుకు వచ్చిన జవాబు ఒక్కటే. అదే అనుకున్నాడు.

తాళం తిప్పాడు.

సీటులోంచి, స్టీరింగులోంచి ఇంజను వణుకు ఒంట్లోకి వచ్చింది. అందులో ఒక చిన్న తొట్రుపాటు, క్షణంలో వెయ్యో వంతు. అది ఏమిటో అతని ఎముకలకు తెలిసిపోయింది. ఇంజను ఆపేసరికి పక్కనున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. వాళ్ళు అరుస్తున్నారు. అతనికి చేరింది మాత్రం నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు పలచటి హోరే.

బడి వ్యానులో డ్రైవరన్న చేతిని గుడ్డలో చుట్టి మాస్టారు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడిచెయ్యి. మిషనమ్మ ఎదురు సీట్లో కూర్చుని, ఎవరితోనో చెబుతున్నట్టు, "నేను వెళ్ళకుండా ఉండాల్సింది," అని పదేపదే అంటోంది. మాస్టారు డ్రైవరన్న మొహం మీదికి వంగాడు.

"నేను పిలిచినప్పుడు నువ్వేమన్నావు?"

డ్రైవరన్న పెదాలు తెల్లబారి ఉన్నాయి. అయినా స్పష్టంగానే కదిలాయి. "ఉండండి, అన్నాను మాస్టారూ."

ఆసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. సాయంత్రం ప్రిన్సిపాల్ వచ్చాడు. వెంట కాగితాలు తెచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఏం జరిగిందని అడిగాడు.

డ్రైవరన్న మాస్టారి వైపు ఒకసారి చూశాడు. "మాస్టారు పిలిచారు సార్. నేనే చెయ్యి తియ్యకుండా తీశానన్నాను. తప్పు నాదే."

మాస్టారు ఆ పెదాలను అక్షరం అక్షరంగా చదివాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ మిషనమ్మ తల వంచుకుంది. ప్రిన్సిపాల్ మొహంలో బరువు దిగినట్టు కనబడింది. శిక్షణార్థి అజాగ్రత్త అని రాసుకోవడం మొదలుపెట్టాడు. అజాగ్రత్త అని రాస్తే పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఏ బడిలోనూ చేర్చుకోరు. ఆ సంగతి డ్రైవరన్నకూ తెలుసు.

ఒక్క మాట మాట్లాడకుండా నిలబడితే నాలుగు నెలలు గడిచిపోతాయి. పూలదండ వేస్తారు, చెవి మాస్టారు అని నలుగురూ పొగుడుతారు. మాస్టారు ఆ దండని తన మెడలో చూసుకున్నాడు.

"అబద్ధం," అన్నాడు.

తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియదు. అవతలి మంచాలవాళ్ళు కూడా లేచి చూశారు.

"ఉండండి అన్నాడు. నాకు వినపడలేదు. మూడేళ్ళ నుంచి వినపడట్లేదు. దాచుకుని పని చేశాను. రాసుకోండి."

ప్రిన్సిపాల్ అతని చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "మాస్టారూ, నాలుగు నెలల్లో పోయేదానికి... ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే మూడేళ్ళు నడిపాను. ఇతని పేరు కొట్టెయ్యకండి."

కాగితం కింద సంతకం పెట్టి, మాస్టారు మంచం దగ్గరికి వెళ్ళాడు. ఏదో చెబుదామనుకున్నాడు. డ్రైవరన్న మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. పెదాలు కనబడలేదు. కాసేపు చూసి, మెట్లు దిగి, చీకటి పడకముందే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

తలుపు తీసిన భార్యకు, "చెప్పేశాను," అన్నాడు. ఆమె ఏదో అంది. అతను ఆమె మొహం వైపు చూడలేదు.

మళ్ళీ బడికి రాలేదు. లెక్కలు తేల్చుకోవడానికి కబురు పెట్టినా రాలేదు. కొత్తగా వచ్చిన మాస్టారు ఇంజనుకు ఒక పరికరం తగిలించి, తెర మీద అంకెలు చూసి రోగం చెబుతాడు. మిషనమ్మ పరీక్ష పాసై ఒక వర్క్‌షాపులో చేరింది. ఇంజను స్టార్టు చెయ్యమంటే మాత్రం దిగి ముందుకు వెళ్ళి, కళ్ళారా చూసి, మళ్ళీ ఎక్కుతుందని చెప్పుకుంటారు. డ్రైవరన్న పేరు కొట్టెయ్యలేదు. డిపో పని మాత్రం రాలేదు. బడి పనిముట్ల గదిలోనే కిటికీ దగ్గర కూర్చుని, ఎడంచేత్తో పానాలు అందిస్తాడు, ఎవరికిచ్చాడో పుస్తకంలో వంకరటింకర అక్షరాలతో రాసుకుంటాడు.

షెడ్డు వెనక గోడకు మాస్టారి సైకిలు ఆనించి ఉంది. ఆ రోజు వ్యానెక్కి వెళ్ళిపోయినవాడు దానికోసం రాలేదు, ఎవరూ తీసుకెళ్ళి ఇవ్వనూ లేదు. రెండు టైర్లూ నేలకు అంటుకుపోయాయి. వాన పడుతుందేమోనని ఆ ఉదయం సీటుకు కట్టిన ప్లాస్టిక్ సంచి ఎండకు పెళుసెక్కి అంచుల్లో చిరిగింది, ముడి మాత్రం బిగిసే ఉంది.