“వస్తా” అన్న పాపానికి

ఆ మాట తస్లీమ్ కావాలని అనలేదు. నోటికి అలవాటై అనేసింది. పల్నాట్లో ఏ గడప దాటినా అందరూ అనే మాటే. అంతమాత్రానికే ఒక ఆడమనిషి కొంప మునగాలా, మీరే చెప్పండి?

జరిగింది ఇదీ. నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపు తస్లీమ్‌ది. తండ్రి అబ్దుల్ రహీమ్ దగ్గర పని నేర్చుకుంది, ఆయన పోయాక తనే నడుపుతోంది. ముప్ఫై రెండేళ్ళ మనిషి. కాలిన మోటారు వాసన చూసి లోపల ఏం పోయిందో చెప్పేస్తుంది. పామంటే భయం లేదు, కరెంటంటే భయం లేదు, గొంతు పెంచే రైతులంటే అసలే లేదు. సోమవారం మధ్యాహ్నం ఈపూరు దగ్గర బుల్లెమ్మ మిరప చేలో, పాత దిగుడుబావిలో, బాగుచేసిన మోటారు బిగించడానికి వెళ్ళింది. మోటారు తిరిగింది. పైన పైపులోంచి నీళ్ళు దూకాయి. బుల్లెమ్మ సంబరపడి టీ పెడతానంటూ షెడ్డు వైపు పరుగెత్తింది. తస్లీమ్ సామాన్ల సంచి భుజాన తగిలించుకుని మెట్టెక్కబోతూ, ఎవరింట్లోంచో బయల్దేరుతున్నట్టు వెనక్కి తిరిగి, బావితో “వస్తా” అంది.

“ఎప్పుడు?” అంది బావి.

మగ గొంతు. నీళ్ళ అడుగునుంచి, ఎంతో మర్యాదగా.

ఆ ఇరవై మూడు మెట్లూ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఎడమకాలి చెప్పు బావిలోనే ఉండిపోయింది. టీ వద్దు, గీ వద్దు అని బండెక్కి, పేట పొలిమేర వచ్చేదాకా వెనక్కి చూడలేదు. చూస్తే వెనక సీటు మీద ఎవరైనా కూర్చుని ఉంటారని భయం.

మంగళవారం పొద్దున షాపు తెరిచింది. మోటార్లు ముంచి పరీక్షించే నీళ్ళ డ్రమ్ము ఒకటుంటుంది అక్కడ. ఆమె తాళాలు బల్ల మీద పెట్టిందో లేదో, డ్రమ్ములోంచి అదే గొంతు.

“ఏమే, అట్టా పరిగెత్తావేందే? ఎప్పుడొస్తావో చెప్పనే లేదు?”

తస్లీమ్ డ్రమ్ము మీద మూత పెట్టి, మూత మీద పదిహెచ్‌పీ మోటారు పెట్టి, ఆ మోటారు మీద తనే కూర్చుంది.  అలా కూర్చునే బుల్లెమ్మకి ఫోన్ చేసింది.

“పెద్దమ్మా, మీ బావిలో ఎవరున్నారు?”

“ఆయన పలికాడా?” బుల్లెమ్మ గొంతు పండగొచ్చినట్టు వెలిగిపోయింది. “నాగరాజే అమ్మాయ్! మా అత్త చెప్పేది. చానా మంచోడంట. ఎవుర్నీ ఏమనడంట. మాటిచ్చి తప్పితే మటుకు తీసకపోతాడంట.”

“ఎక్కడికి?”

“లోపలికి,” అంది బుల్లెమ్మ, పక్క ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా.

ఇంట్లో తల్లి కుల్సుం సంగతంతా విని తస్బీ పూసలు తిప్పడం ఆపేసింది. “నాగరాజూ లేదు గీగరాజూ లేదు. అది జిన్ను. పాడుబావుల్లో ఉంటాయి,” అని కూతురి మెడలో తావీజు కట్టింది. ముడి బిగిస్తూ, “వస్తా అన్నావు, నయం. ఆ రెండోమాట అనలేదు గదా?” అని అడిగింది.

రెండోమాటంటే “పోతున్నా.” ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట పలకరు. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున అబ్దుల్ రహీమ్‌కి ఎవరో రైతు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, విసుక్కుంటూ చెప్పులేసుకుని, “ఆఁ, పోతున్నా, పోతున్నా” అంటూ గడప దాటాడు. కుల్సుం వంటింట్లోంచి “అట్టా అనకూడదు, వస్తా అనండి” అని కేకేసింది. ఆయనకి వినపడలేదు. మధ్యాహ్నానికి ఆటోలో తెచ్చారు, గుండె ఆగిపోయిన మనిషిని. గుండెజబ్బు అన్నాడు డాక్టరు. కుల్సుం మటుకు ఆ మాటే చంపిందంటుంది. పైకి ఒప్పుకోదు గానీ, తస్లీమ్ కూడా అదే నమ్ముతుంది.

బుధవారం మిట్టమధ్యాహ్నం బావిలో ఆయనే వచ్చాడు.

షాపు గడప మీద తడి అడుగులు పడ్డాయి. ఆ వెనక మనిషి. పంచె నుంచి నీళ్ళు కారుతున్నాయి, భుజాల మీద నల్లటి తడి జుట్టు, ఒంటిమీద చొక్కా లేదు. అబద్ధమెందుకు, అందగాడు. చేతిలో తస్లీమ్ ఎడమకాలి హవాయి చెప్పుంది.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ, చెప్పొదిలేసి పోతారటే!” అన్నాడు.

ఆ మాటతీరు గురించి చెప్పాలి. నూరేళ్ళ పైబడి ఆ బావికి నీళ్ళకొచ్చింది ఆడవాళ్ళే. ఆయనకి వచ్చిన తెలుగంతా బిందెల దగ్గర విన్నదే. ఆరడుగుల మగాడు బుగ్గన వేలేసుకుని “ఓయమ్మా” అంటుంటే ఇంకో రోజైతే తస్లీమ్ పడీపడీ నవ్వేది.  మెకానిక్‌కి ప్రాణం మీదికొస్తే చెయ్యి ముందు టెస్టర్ మీదికే పోతుంది. టెస్టర్ తీసి ఆయన ముంజేతికి ఆనించింది. టెస్టర్ లోపలి దీపం భగ్గున వెలిగింది.

“ఫేజుంది, కరెంటు పారుతోంది,” అని గొణిగింది తస్లీమ్. ఆ పైన, “అక్కడ కూర్చోకు, వైర్లున్నాయి!” అని అరిచింది. జిన్నుకి షాక్ కొడుతుందని కంగారుపడిన మొదటి మనిషి ఈమే అయ్యుంటుంది.

ఆయన వైర్లకి దూరంగా స్టూలు మీద కూర్చున్నాడు. కింద మడుగు కట్టింది.

“మరి ఎప్పుడొస్తావ్?”

“నేను... మర్యాదకన్నా.”

“మర్యాదంటే?”

“పోయేటప్పుడు అందరూ అంటారు. వచ్చేది లేకపోయినా అంటారు.”

ఆయనకి అర్థం కాలేదు. “రానోళ్ళు వస్తా అని ఎందుకంటారే?”

 నలుగురు పెళ్ళివాళ్ళు ఆమెని చూడ్డానికొచ్చారు. కుల్సుం చేసిన బిర్యానీ తిన్నారు, ఖుబానీకా మీఠా తిన్నారు, ఆమె చేతుల మీద కాలిన మచ్చల వంక చూశారు, గడప దగ్గర నవ్వుతూ “వస్తాం” అన్నారు. భయంలో నోరు జారి, ఆ సంగతి ఈయనకి చెప్పేసింది.

“వచ్చారా?”

“రాలా.”

“ఒక్కళ్ళూ?”

“ఒక్కళ్ళూ రాలా.”

“ముదనష్టపోళ్ళు,” అన్నాడాయన. నిజంగా కోపం వచ్చింది ఆయనకి. డ్రమ్ములో నీళ్ళు మరిగినట్టు కదిలాయి. తన తరఫున వాళ్ళని తిట్టిన మనిషి తస్లీమ్‌కి ఇంతవరకూ తగల్లేదు.

ఆయన ఆమె చెయ్యి అందుకుని మణికట్టు మీది మచ్చ మీద బొటనవేలు ఆనించాడు. చల్లదనం మోచేతి దాకా, భుజం దాకా, మెడ వెనక దాకా పాకింది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. భయమే. భయంతో పాటు ఇంకోటి కూడా పాకింది, దాని పేరు మటుకు తస్లీమ్ ఆ పూట తనకి తాను కూడా చెప్పుకోలేదు. చెయ్యి లాక్కోవడానికి కొంచెం ఆలస్యమైంది, అంతే.

“తప్పించుకునే దారి లేదా?” అని అడిగింది.

ఆయన ముఖం చిన్నబోయింది గానీ దాచలేదు. “ఉందే. శుక్రవారం పొద్దు నడినెత్తికొచ్చేలోగా నా గడపకొచ్చి, నా ఎదురుగా పోతున్నా అను. మన మాట తెగిపోద్ది. అనకపోతే నేనే వచ్చి తీసకపోవాలి. ఇయ్యాల చూసిపోవడానికొచ్చా, తీసకపోవడానికొస్తే నీళ్ళన్నీ నాతో వస్తాయి. ఆపడం నా చేత కాదు. ఈ కొట్టుండదు, మీ ఇల్లుండదు, మీ అమ్మ...” 

చెప్పు గడప మీద పెట్టి వెళ్ళేటప్పుడు “వస్తా” అనలేదు. ఊరికే అనే రకం కాదు కదా.

గురువారం తస్లీమ్ జుట్టు ఆరలేదు. తుడిచింది, ఎండలో నిలబడింది, ఫ్యాన్ కింద కూర్చుంది. కొసల నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. వేలి కొసలు నాలుగు రోజులు నానబెట్టినట్టు ముడతలు పడ్డాయి. వంటింట్లో తల్లి నిలబడ్డచోట గచ్చులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. తస్లీమ్ గోనెపట్టా తెచ్చి తల్లి కాళ్ళ చుట్టూ ఆ తడి అద్దింది, అద్దినకొద్దీ ఊరింది. వెళ్ళకపోతే అమ్మ మునిగిపోతుంది. వెళితే కన్నతండ్రి అబ్బా ఆఖరిమాట తన నోటితో అనాలి.

శుక్రవారం పదకొండింటికి బావి దగ్గరుంది. బుల్లెమ్మ కొబ్బరికాయ తెస్తానంది, తస్లీమ్ దణ్ణం పెట్టి ఆమెని గట్టు మీదే ఉండమంది. ఒక్కో మెట్టూ దిగుతోంది.  సగం దిగాక గమనించింది, మెట్ల మీద పాచి లేదు. ఎవరో కడిగారు. అడుగు మెట్టు మీద బంతిపూలు కూడా పరిచారు.

ఆయన మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. తల దువ్వుకున్నాడు, అదీ పక్క పాపిడి తీసి. ఆ పాపిడి చూసేసరికి తస్లీమ్ గుండె ఎక్కడో పట్టేసింది.

“అను,” అన్నాడు. “నేను ఏడవనులే.”

ఆమె నోరు తెరిచింది. “పో” దగ్గరే మాట ఆగిపోయింది. కళ్ళ ముందు గడప, చెప్పులు, చెవి దగ్గర ఫోన్, అబ్బా వీపు. అంతే, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఆ పొద్దుటి సంగతి మొత్తం చెప్పింది.

ఆయన నీళ్ళలోంచి రెండు మెట్లెక్కి వచ్చి ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.   ఆయన ఊపిరి ఆమె పెదాల మీద తగిలింది, తొలకరి వాసన వేసింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన నుదుటి మీద మటుకే ముద్దు పెట్టి వెనక్కి జరిగాడు.

“నువ్వనబాకే తల్లీ. ఇద్దర్లో ఎవరు అన్నా తెగుద్ది. అన్నోళ్ళు పోవాలి, అంతే. నేనంటా.”

“నువ్వెక్కడికి పోతావ్?”

“అడుక్కి. మళ్ళీ పైకి రావడం ఉండదు.” ఎండ అప్పుడే బావి మధ్యకి వస్తోంది. ఆయన గబగబా మెట్లు దిగాడు. నడుము దాకా, ఛాతీ దాకా. వెనక్కి తిరిగి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “మంచిదే మరి. పోతున్నా.”

తస్లీమ్ జుట్టు ఆ క్షణమే పొడిగా ఆరిపోయింది. వేళ్ళు మామూలయ్యాయి. అమ్మ బతికింది, ఇల్లు బతికింది. తాను ఇప్పుడు మెట్లెక్కి హాయిగా వెళ్ళిపోవచ్చు. ఆయన భుజాల మీదికి నీళ్ళు వచ్చాయి. గెడ్డం మీదికి వచ్చాయి. తస్లీమ్ నోట్లోంచి, ఆరేళ్ళ కిందట వంటింట్లోంచి వచ్చిన కేకే వచ్చింది.

“అట్టా అనకూడదు! వస్తా అను!”

నీళ్ళు ఆగాయి. ఆయన కళ్ళు మటుకే పైనున్నాయి, తర్వాత నోరు కూడా వచ్చింది.

“నేనంటే రావాల్సొచ్చుద్దే. మీ మాదిరి కాదు,” అన్నాడు. “మర్యాదకంటన్నావా?”

 పైన గట్టు మీద బుల్లెమ్మ గాజులు వినిపిస్తున్నాయి. తస్లీమ్‌కి బతుకులో ఎన్నడూ ఇంత భయం వెయ్యలేదు. డ్రమ్ములో గొంతు విన్నప్పుడూ వెయ్యలేదు, గచ్చులో నీళ్ళు ఊరినప్పుడూ వెయ్యలేదు.

“మర్యాదక్కాదు,” అంది. “నీళ్ళు తీసుకురాబాక. నువ్వొక్కడివే రా. మా అమ్మ జిన్నంటుంది, పట్టించుకోబాక. చొక్కా ఏసుకుని రా.”

ఆయన ఈసారి నిజంగా నవ్వాడు. “వస్తా,” అన్నాడు. నీళ్ళు మూసుకున్నాయి.

“ఎప్పుడు?” అని అరిచింది తస్లీమ్.

తన కేకే బావి గోడలకి తగిలి తిరిగొచ్చింది. నలుగురు పెళ్ళివాళ్ళు “వస్తాం” అని గడప దాటినప్పుడు ఆమెకి రాని భయం ఇప్పుడొచ్చింది, ఈయన రాకపోతే ఎలా అని. పైనుంచి బుల్లెమ్మ “అయిపోయిందా అమ్మాయ్, వస్తన్నావా?” అని పిలుస్తోంది.  తస్లీమ్ ఈసారి కావాలనే ఎడమకాలి చెప్పు విప్పి, ఆయనకి కనపడేలా అడుగు మెట్టు మీద పెట్టింది.